మామగారి ట్యాప్ కార్డుకి ఎంత తూము పెట్టాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు. నేనూ మా ఆయనా చీరల కొట్టు నడుపుతున్నాం. మామగారికి 72 ఏళ్లు, టీచరుగా రిటైరయ్యారు. పింఛను పడే ఖాతా కార్డే ఆయన జేబులో ఉంటుంది. ఈమధ్య మందుల షాపులో 420 రూపాయల బిల్లుకి అక్కడి కుర్రాడు మిషన్ మీద ఇంకో సున్నా నొక్కాడు. మామగారు కార్డు ఆనించారు, పిన్ అడగలేదు, 4,200 పోయాయి. మెసేజ్‌లు మా మరిది పాత నంబరుకి వెళ్తాయి, ఆ సిమ్ ఇప్పుడు వాడటం లేదు. తొమ్మిది రోజుల తర్వాత పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే బయటపడింది. షాపువాళ్లు తెలిసినవాళ్లే, చీటీ చూసి తిరిగిచ్చేశారు. అప్పటి నుంచి మా ఆయన ట్యాప్ (పిన్ లేకుండా కార్డు ఆనించి కట్టే వీలు) తీసేయిద్దామంటున్నారు. ఇంగ్లండులో ఉన్న మరిదేమో, "వదినా, ఇక్కడ 100 పౌండ్ల దాకా పిన్ అక్కర్లేదు, ఇప్పుడు ఆ హద్దు కూడా బ్యాంకుల ఇష్టానికే వదిలేస్తున్నారు, మనవాళ్లే ఇంకా 5,000 దగ్గర ఆగిపోయారు, పెంచితే మీ కొట్టుకే లాభం" అంటాడు. మామగారు పిన్ గుర్తుండదు, ట్యాపే కావాలంటారు. ఆయన పిన్ మా బీరువా తలుపు లోపల పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఎవరి మాట వినమంటారు? ఈ పరిమితి పెంచితే మంచిదేనా? (పేరు వేయవద్దు.)

జవాబు:

చెల్లెమ్మా, ముగ్గురి మాటల్లోనూ కొంత కొంత నిజం ఉంది. నా ఓటు మాత్రం మీ మామగారికే. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి, పింఛనుదార్ల వైపు మొగ్గడం అలవాటైపోయింది. కాబట్టి నా మాటలో ఆ మేరకు తరుగు తీసేసి చదువుకోండి.

ముందు మీ ఇంట్లో జరిగిన సంగతి చూద్దాం. 420 పక్కన సున్నా పడింది. ఇందులో దొంగ లేడు, హ్యాకర్ లేడు. మధ్యాహ్నం రద్దీలో ఒక కుర్రాడి వేలు జారింది, అంతే. ట్యాప్ గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ దొంగలతోనే మొదలుపెడతారు. మీ ఉత్తరంలో నాకు నచ్చింది ఇదే, అసలు గొడవ ఎక్కడుందో చూపించారు. పిన్ నొక్కాలంటే మిషన్ మన చేతికి రావాలి. అంకె కళ్లముందు ఉంటుంది. కళ్లజోడు సర్దుకుని, పిన్ గుర్తు తెచ్చుకుని, నాలుగు మీటలు నొక్కేలోపు ఎంత కడుతున్నామో చూస్తాం. ట్యాప్‌లో ఆ ఆగడం ఉండదు. మిషన్ కుర్రాడి చేతిలోనే ఉంటుంది, మనం కార్డు అందిస్తాం, 'టిక్' మంటుంది, అయిపోతుంది. పిన్ అంటే దొంగకి వేసే తాళమని అందరికీ తెలుసు. మనకి మనం వేసుకునే బ్రేకు కూడా అదేనని మీ మందుల బిల్లు చెప్పింది.

మన దేశంలో పిన్ లేకుండా కార్డు ఆనించి కట్టే వీలు 2015 మేలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చింది. అప్పుడు ఒక్కో బిల్లుకి హద్దు 2,000. కరోనా ఏడాది చివర్లో, ముట్టుకోకుండా కట్టడం మంచిదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, దాన్ని 5,000కి పెంచుతున్నట్టు ప్రకటించారు. 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత హద్దే ఉండి ఉంటే 4,200 అనగానే మిషన్ పిన్ అడిగేది, "ఇదేంటి బాబూ, ఇంత బిల్లా?" అని మామగారు అప్పుడే అడిగేవారు. హద్దు పెరగడం వల్ల వచ్చే నష్టానికి మీ ఇంటి సంఘటన కంటే శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, మీ మరిదికి కూడా ఉన్నట్టుంది. 5,000 దాటితే ట్యాప్ పనిచేయదనుకుంటారు. పనిచేస్తుంది. ఎనిమిది వేల బిల్లుకి కూడా కార్డు ఆనించొచ్చు, కాకపోతే ఆనించాక మిషన్ పిన్ అడుగుతుంది. అంటే ఆ హద్దు కార్డు ఆనించడానికి కాదు, పిన్ మినహాయింపుకి. పరిమితి పెంచమనడమంటే, ఇంకా పెద్ద మొత్తాలకి కూడా ఆ నాలుగు అంకెలు అడగొద్దనడమే.

మరి ఆ నాలుగు అంకెలు ఎవరికి బరువు? మీ కొట్టులోనే చూడండి. ఎనిమిది వేల పట్టుచీర కొనే ఇల్లాలు మీ దగ్గర ఎంతసేపు కూర్చుంటుంది? గంట తక్కువ కాదు. నలభై చీరలు విప్పిస్తుంది, అంచు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండలో చూస్తుంది, ఆడపడుచుకి ఫోటో పంపి జవాబు కోసం ఆగుతుంది, మళ్లీ మొదటి చీరే తీయమంటుంది. ఇంత అయ్యాక పిన్ నొక్కడానికి పట్టే నాలుగు సెకన్లు మిగిల్చి ఎవరికి ఉపకారం? తొందర అనేది చిన్న బిల్లుల దగ్గర ఉంటుంది. పెట్రోలు బంకులో వెనక నాలుగు బళ్లు హారన్ కొడుతుంటాయి, టిఫిన్ సెంటర్లో చేతికి చట్నీ ఉంటుంది, మందుల షాపులో ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లాడి ధ్యాస ఉంటుంది. ఆ బిల్లులన్నీ రెండు మూడు వందలు, మహా అయితే వెయ్యి. పెద్ద బిల్లు దగ్గర తొందర ఎవరికైనా ఉంటే అది అమ్మేవాడికే. కొట్టు నడిపేవారు, ఈ మాట మీకు నేను చెప్పక్కర్లేదు!

అందుకే మీ మరిది వాదనలో సగమే నాకు ఎక్కింది. అక్కడ 2007లో 10 పౌండ్లతో మొదలుపెట్టారు. 2010లో 15, 2012లో 20, 2015లో 30, కరోనా వచ్చాక 2020 ఏప్రిల్‌లో 45, 2021 అక్టోబర్‌లో 100. ఇప్పుడు 2026 మార్చి నుంచి ఆ హద్దు ఎంతో బ్యాంకులే తేల్చుకోవచ్చని అక్కడి నియంత్రణ సంస్థ వదిలేసింది. అబ్బాయి చెప్పింది నిజమే. 100 పౌండ్లంటే మన డబ్బుల్లో పదివేల పైమాటే. కాని ఆ అంకె ఒక్కటే తెచ్చి మన ముందు పెడితే ఎలా? దాని వెనకున్న కట్టుదిట్టాలు కూడా తేవాలి కదా. 100కి పెంచినప్పుడు అక్కడ ఇంకో లెక్క కూడా పెట్టారు. పిన్ లేకుండా వరుసగా ఐదుసార్లు ఆనించినా, లేదా అన్నీ కలిపి 300 పౌండ్లు దాటినా కార్డు పిన్ అడగాలి. పోయిన కార్డుతో ఎవరో కొనేస్తే, ఖాతాదారు మోసమో ఘోరమైన నిర్లక్ష్యమో లేనంతవరకు అతని మీద పడే నష్టం 35 పౌండ్లకి మించకూడదని చట్టమే ఉంది. మన దగ్గర రోజుకి ఇన్నిసార్లు, వారానికి ఇన్నిసార్లు అని గిరి గీయమని 2015లోనే బ్యాంకులకి చెప్పారు గాని, ఆ గిరి ఎక్కడ గీయాలన్నది ఒక్కో బ్యాంకు ఇష్టం. మీ మామగారి బ్యాంకు ఎక్కడ గీసిందో ఈ వారం వెళ్లి అడగండి. కౌంటరులో కుర్రాడు తెల్లమొహం వేస్తే ఆశ్చర్యపోకండి, మేనేజరుని అడగండి.

ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ కార్డే రోజువారీ డబ్బు. మనకి ఫోన్ స్కానర్ వచ్చాక, కొబ్బరిబొండాల బండి దగ్గర కూడా దాంతోనే పని జరిగిపోతోంది. మన ఊళ్లలో ట్యాప్ కార్డు మిగిలింది ఎవరికి? పెద్ద ఫోను వాడని పెద్దవాళ్లకి, క్రెడిట్ కార్డు ఉన్న ఉద్యోగస్తులకి. అంటే హద్దు పెంచితే దాని కష్టసుఖాలు పడేవాళ్లలో మీ మామగారిలాంటివాళ్లు చాలామంది ఉంటారు. ఇది మరిది లెక్కలో లేదు.

ఇప్పుడు ట్యాప్ తీసేద్దామనే మీ ఆయన మాట. కోపంలో అన్నమాట అది, అర్థం చేసుకోగలను. కాని ట్యాప్ తీసేస్తే ఏమవుతుందో ఆలోచించారా? మామగారు ప్రతి షాపులో పిన్ నొక్కాలి. పిన్ గుర్తుండదు. అప్పుడు ఏం జరుగుతుందో నేను కౌంటర్ వెనక నుంచి ఏళ్ల తరబడి చూశాను. కార్డు కవరు మీద బాల్‌పెన్నుతో రాసుకుంటారు. లేదా మిషన్ కుర్రాడికిచ్చి, "నొక్కు నాయనా, పంతొమ్మిది నలభై ఏడు, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు" అని క్యూ అంతా వినేలా చెబుతారు. ఇలా చెప్పిన మాస్టారు ఒకాయన నిజంగానే మా బ్రాంచికి వచ్చేవారు, అంకెలు మార్చి చెబుతున్నాను. క్యూలో నవ్వారు, నాకు మాత్రం గుండె జారింది. ఎందుకంటే పిన్ తెలిసినవాడి చేతిలో కార్డు పడితే హద్దు 5,000 కాదు, ఏటీఎం రోజుకి ఎంత ఇస్తే అంత, మర్నాడు మళ్లీ అంత. పిన్ తెలియనివాడి చేతిలో ట్యాప్ కార్డు పడితే ఒక్కో బిల్లుకి హద్దు ఉంది, ఏటీఎంలో ఒక్క రూపాయి రాదు. పిన్ గట్టిగా చెప్పే పెద్దాయనకి, చిన్న హద్దుతో ట్యాప్ ఉన్న కార్డే ఎక్కువ భద్రం. వినడానికి తలకిందులుగా ఉంటుంది గాని, అంతే.

ట్యాప్ వల్ల మేలు పొందేవాళ్లు మరికొందరు ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చేతులు వణికేవాళ్లు, పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవాళ్లు, చూపు ఆననివాళ్లు. ఈమధ్య వచ్చే మిషన్లకి మీటలు కూడా ఉండటం లేదు, ఫోనులా నున్నటి అద్దమే. మీటలున్నప్పుడు ఐదో అంకె మీద చిన్న బొడిపె ఉండేది, తడిమి నొక్కేవాళ్లు. అద్దం మీద ఏం తడుముతారు? అలాంటి మనిషి తన మందులు తను కొనుక్కుని, పక్కవాడిని బతిమాలకుండా ఇంటికి రావడం చిన్న విషయం కాదు. వాళ్లకోసమైతే హద్దు పెంచినా నేను ఊరుకుంటాను, అదీ వాళ్లు కోరుకుంటేనే, వాళ్ల కార్డుకి మాత్రమే.

నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. ధవళేశ్వరం దగ్గర కాలవకి ఎంత నీరు వదలాలో పైవాళ్లు చూస్తారు. మన చేలోకి ఎంత రావాలో బోదె తూము దగ్గర మనమే చూసుకుంటాం. ఆకుమడికి ఒక లెక్క, కోతకొచ్చిన చేనుకి ఒక లెక్క. కాలవ నిండా వస్తోంది కదా అని తూము బార్లా తెరిచిపెట్టి పడుకునే రైతు మన డెల్టాలో ఉండడు. ఈ 5,000 అనేది కాలవ మట్టం. మీ తూము మీ చేతిలో ఉంది. కార్డుదార్లు ట్యాప్ తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు, హద్దు తగ్గించుకోవచ్చని, ఆ వీలు యాప్‌లోనూ ఏటీఎంలోనూ ఫోన్ ద్వారానూ రాత్రీపగలూ ఉండాలని 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. కొత్త కార్డుకి ట్యాప్ మూసే ఇవ్వాలి, ఖాతాదారు కోరితేనే తెరవాలి అని కూడా అందులో ఉంది. మామగారి కార్డుకి ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో? బహుశా కార్డు వచ్చిన రోజున ఏ ఏటీఎం దగ్గరో ఎవరో 'ఎస్' నొక్కేసి ఉంటారు.

కాబట్టి ట్యాప్ ఉంచండి, హద్దు 500కో 1,000కో దించండి. మామగారి నెల ఖర్చు మీకు తెలుసు. మందులు, పాలు, పేపరు, అప్పుడప్పుడు మనవలకి స్వీట్లు. ఆయన మామూలుగా చేసే బిల్లుల్లో పెద్దదానికి కాస్త పైన పెట్టండి, చాలు. 420కి సున్నా పడితే మిషనే ఆగి పిన్ అడుగుతుంది. కొన్ని బ్యాంకుల యాప్‌లలో ట్యాప్‌కి విడిగా హద్దు కనిపిస్తుంది, కొన్నిట్లో తెరవడం, మూయడం మాత్రమే సులువుగా దొరుకుతాయి. దొరక్కపోతే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి.

అంతకంటే ముఖ్యం, పింఛను ఖాతా కార్డు బయట తిరగకూడదు. అదే బ్రాంచిలో ఆయన పేరనే ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిపించండి. నెలనెలా పింఛను నుంచి నాలుగైదు వేలు దానికి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. కార్డు ఆ ఖాతాదే జేబులో ఉంటుంది. ఏడాదికి కార్డు ఛార్జీ ఎంతో, కనీస నిల్వ ఎంత ఉంచాలో ముందే అడగండి, అదొక్కటే దీనికయ్యే ఖర్చు. ఫోనులో చిన్న బిల్లుల కోసం పెట్టిన యూపీఐ లైట్‌లో కూడా ఇదే సూత్రం. ఒక్కో బిల్లుకి 1,000 దాకా పిన్ అడగరు, కాని అందులో 5,000కి మించి ఉంచనివ్వరు. తలుపు తాళం లేకపోయినా ఫరవాలేదు, ఆ గదిలో ఉండేదే అంతంటే. మామగారి కార్డుకి అలాంటి గది మనమే కట్టుకోవాలి.

ఇక ఆ ఫోన్ నంబరు. మీ ఉత్తరంలో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది 4,200 కాదు, తొమ్మిది రోజులు. అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంతో 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ మీదీ కాక మరెక్కడో జరిగి, బ్యాంకు నుంచి సమాచారం వచ్చాక మూడు పనిదినాల్లో మీరు చెబితే మీకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి ఒక్కో లావాదేవీ మీద 10,000 దాకా మీ నెత్తిన పడొచ్చు. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా. ఒక్కో ట్యాప్ 5,000 లోపే కాబట్టి, నాలుగో రోజు చెబితే దాదాపు మొత్తం మీదే అవుతుందని గమనించండి. ఆ మూడు రోజులే బంగారం. సమాచారం వచ్చిందంటే ఆ పాత సిమ్‌కి వచ్చినట్టే లెక్క కడతారు, అది అటక మీద ఏ డబ్బాలో ఉందో బ్యాంకుకి అనవసరం. మోసం అని ఫిర్యాదు చేశాక పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి, తప్పు ఖాతాదారుదని నిరూపించే భారం బ్యాంకుదే. మరి పిన్ ఎవరికైనా చెప్పినా, రాసి పెట్టినా అది నిర్లక్ష్యం కిందికి వస్తుంది. అప్పుడు బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మీదే. బీరువా తలుపు గుర్తుందిగా?

మీ మందుల షాపు కేసు ఈ ఉత్తర్వు కిందికి రాదు. అది అనధికార లావాదేవీ కాదు, మామగారే ఆనించారు. అలాంటిది ఆ రోజే తెలిస్తే షాపువాడు మిషన్ మీదే 'వాయిడ్' కొట్టొచ్చు, ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ అదృష్టం, తెలిసినవాళ్లు. రావులపాలెం మీదుగా పోతూ ఏ హైవే హోటల్లోనో జరిగుంటే తొమ్మిది రోజుల తర్వాత ఎవరిని అడుగుతారు?

నా సంగతి కూడా ఒకటి చెబుతాను. నిరుడు ఒక పెట్రోలు బంకులో కార్డు ఆనించాను. మిషన్ కాసేపు గుండ్రంగా తిరిగి 'ఫెయిల్' అంది. కుర్రాడు మళ్లీ ఆనించమన్నాడు, ఆనించాను. ఇంటికొచ్చేసరికి 500 రెండుసార్లు పోయాయి. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం చేసినవాణ్ణి, మొదటి మెసేజ్ చూడకుండా రెండోసారి ఆనించాను! ఇలా ఖాతాలో తగ్గి షాపుకి చేరని డబ్బు ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలని, దాటితే రోజుకి 100 చొప్పున బ్యాంకు కట్టాలని 2019 సెప్టెంబర్ ఉత్తర్వు. నాకు ఆరో రోజున వచ్చింది. ఆ వంద కోసం ఉత్తరం రాశాను, వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది, కవరూ ఆటో ఛార్జీలూ కలిపితే ఎంతయిందో లెక్క చెప్పమని.

దొంగల గురించి కూడా కొంచెం. అంతర్వేది తీర్థంలోనో, కిక్కిరిసిన బస్సులోనో ఎవడో మిషన్ తెచ్చి జేబుకి ఆనించేస్తాడని భయపెట్టే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. కార్డు, మిషన్ నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటేనే మాట్లాడుకుంటాయి. పర్సులో రెండు ట్యాప్ కార్డులు ఒకదాని పక్కన ఒకటి ఉంటే మిషన్‌కే తికమక. పైగా ఆ మిషన్ ఒక బ్యాంకు ఖాతాకి కట్టి ఉంటుంది, ఆ ఖాతాకి ఆధార్, పాన్ ఉంటాయి. ఇంత చిరునామా వదిలి జేబు కొట్టేవాడు తెలివైన దొంగ కాదు. అసలు ప్రమాదం పాత పద్ధతిలోనే ఉంది. పర్సు పోవడం. తీర్థంలో పర్సు పోయిందని సాయంత్రం గుర్తించేలోపు ఆ కార్డు నాలుగు షాపులు తిరిగి రావచ్చు. 5,000 హద్దు ఉంటే ఎంత, 1,000 ఉంటే ఎంత, మీరే లెక్క కట్టండి. కార్డు బ్లాక్ చేసే నంబరు కార్డు వెనకే ఉంటుంది, కార్డు పోయాక అది చూడటం ఎలా? అందుకని ఇంట్లో ముగ్గురి ఫోన్లలో వేసుకోండి. మోసం జరిగిందనుకుంటే బ్యాంకుతో పాటు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయాలి.

కొత్త రకం ఒకటి మాత్రం పెద్దాయనకి తప్పకుండా చెప్పండి. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, ఒక యాప్ వేయించి, "మీ కార్డు ఫోను వెనక ఆనించండి, వెరిఫై చేయాలి" అంటారు. అలా ఆనిస్తే కార్డు మాట్లాడేదంతా ఆ ఫోను మోసి ఇంకెక్కడో ఉన్న దొంగ ఫోనుకి అందిస్తుంది. చెక్ దేశంలో ఇలాంటిది జరిగినట్టు 2024లో బయటపడింది. ఏ బ్యాంకూ కార్డుని ఫోనుకి ఆనించమని ఫోన్ చేసి అడగదు. మామగారికి పెద్ద ఫోను లేదు కాబట్టి ఈ బెడద ఆయన కంటే మీకే ఎక్కువ.

మీ కొట్టు సంగతికి వస్తే, ట్యాప్ హద్దు పెరిగినా మీకు కమిషన్ ఒక్క పైసా తగ్గదు. రూపే డెబిట్‌కీ యూపీఐకీ 2020 జనవరి నుంచి వ్యాపారి మీద కమిషన్ లేదు. మిగతా డెబిట్ కార్డులకి, ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉంటే గరిష్ఠం 0.40 శాతం, దాటితే 0.90 శాతం. ఆనించినా, దూర్చినా అదే. సంక్రాంతి ముందు వారం రద్దీలో కాస్త వేగం వస్తుంది, ఒప్పుకుంటాను. కాని ఎనిమిది వేల బిల్లు మీద రేపు ఎవరైనా "ఇది నేను కట్టలేదు" అని బ్యాంకుకి రాస్తే, పిన్ పడిన బిల్లుకి మీ దగ్గర ఉన్నంత బలం పిన్ లేని బిల్లుకి ఉండదు. గాలివానలప్పుడు ఉపయోగపడుతుందనుకుంటే అదీ లేదు. టవర్లు పడిపోతే మిషన్ బ్యాంకుని అడగలేదు, ట్యాపైనా పిన్ అయినా ఒకటే మౌనం. ఆ నాలుగు రోజులూ డ్రాయర్‌లో నోట్లే దిక్కు.

మీ గుమాస్తాకి ఒక్క అలవాటు నేర్పండి. అంకె నొక్కాక మిషన్ కొనేవాళ్ల వైపు తిప్పి, మొత్తం పైకి చదివి, అప్పుడు కార్డు అడగమనండి. "అమ్మా, నాలుగు వేల రెండొందలు" అని గట్టిగా వినబడితే ఎంత పరధ్యానంలో ఉన్నవాళ్లైనా తలెత్తుతారు. ఆ మందుల షాపు కుర్రాడికి కూడా మీరే చెప్పొచ్చు, ఎలాగూ తెలిసినవాళ్లేగా.

ఇక మరిదికి రాసేటప్పుడు ముందు ఆ పాత నంబరు మార్పించే కాగితాల సంగతి రాయండి, పౌండ్ల వాదన తర్వాత. మామగారిని వెంటబెట్టుకుని ఆధార్, పాస్‌బుక్ తీసుకుని బ్రాంచికి వెళ్తే కొత్త నంబరు ఎక్కించడం, హద్దు దించడం, రెండో ఖాతా తెరవడం ఒకే పూటలో మొదలవుతాయి. రెండో శనివారం, నాలుగో శనివారం కాకుండా చూసుకోండి.

బీరువా తలుపు మీది పెన్సిల్ రాత చెరపడంతో సరిపోదు. ఇంట్లో పనిచేసేవాళ్లూ చుట్టాలూ ఎంతమంది చూసుంటారో? ఏటీఎంకి వెళ్లి పిన్నే మార్పించండి. కొత్త అంకెలు మామగారినే ఎంచుకోనివ్వండి, ఆయన ఎంచుకున్నదైతే గుర్తుంటుంది. ఆయన మొదటి పోస్టింగు ఊళ్లో చేరిన సంవత్సరమో, పాత సైకిల్ లైసెన్సు బిళ్ల నంబరో. మనవరాలు పుట్టిన సంవత్సరం మాత్రం వద్దనండి, అది మీ వీధిలో అందరికీ తెలుసు.